ఔటర్ దగ్గరి కూత

నన్ను ఆ తోటలోకి లాక్కెళ్ళింది ఒక వాసన.

ఎనభైల మొదట్లో డాలస్ పక్కన కాపెల్‌లో ఇల్లు కొనుక్కున్నాం. అప్పటికది ఇంకా పూర్తిగా ఊరు కాలేదు, పొలాల మధ్య నాలుగైదు వీధులు, అంతే. నేను ఆసుపత్రిలో నర్సుని, మా ఆయన ఒక కంపెనీలో ప్రోగ్రామరు. ఒక శనివారం పొద్దున్న పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఇంట్లో డ్రైయర్ పెట్టుకుని తాడు మీద చీరలు ఆరేసే మనిషిని ఆ వీధి మొత్తానికి నేనొక్కదాన్నే. ఆ తాడు సంగతి పక్కింటావిడ ఓసారి మర్యాదగా ఎత్తింది, నేనూ మర్యాదగానే వినిపించుకోలేదు. ఆ పొద్దున్న గాలి వెనకింటి వైపు నుంచి తిరిగింది. కాగిన నూనె, తడి ఆవిరి, కాస్త స్పిరిట్, అన్నీ కలిసిన వాసన. క్లిప్పు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అది మా నాన్న చొక్కా వాసన. ఆయన పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు కావస్తోంది.

నాన్న గూడ్సు బండి డ్రైవరు. గుంటూరు వైపు ఒక చిన్న జంక్షన్లో, రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. అవి బొగ్గు ఇంజన్ల రోజులు. నాకు పదిహేనో ఏట ఆయన గుండె ఆగి పోయారు. ఆ వాసన గల చొక్కా ఒకటి అమ్మ చాలా రోజులు ఉతక్కుండా ఉంచి, తర్వాత ఒకరోజు ఉతికేసింది. అందుకు చాలా కాలం అమ్మ మీద కోపంగా ఉన్నాను. నాకు కోపం త్వరగా వస్తుంది, ఆలస్యంగా పోతుంది.

కంచె మీంచి తొంగిచూశాను. వెనకింటి తోటలో ఏడెనిమిది మంది ముసలాళ్ళు టోపీలు పెట్టుకుని ఒక బల్ల చుట్టూ మూగి ఉన్నారు. నడుమెత్తున చెక్క కాళ్ళు పాతి, వాటి మీద పట్టాలు పరిచారు. అవి పెకాన్ చెట్ల మధ్య నుంచి వెళ్ళి, గులాబీ మడి చుట్టూ తిరిగి, మళ్ళీ బల్ల దగ్గరికి వస్తాయి. పట్టాల మధ్య ఎడం మూడు వేళ్ళు. వాటి మీద నా మోచేతి నుంచి వేళ్ళ చివరి దాకా ఉన్నంత ఇంజను ఒకటి, నల్లది, నిజంగా ఆవిరి వదులుతూ, నిజంగా చఫ్ చఫ్‌మంటూ వస్తోంది. దాని పక్కనే ఇంటి పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నాడు.

"బొమ్మ రైలా?" అని అడిగాను.

"బొమ్మ కాదమ్మాయీ," అన్నాడు, నొచ్చుకున్నట్టుగానే. "ఇంజనే. కాస్త చిన్నది."

ఆయన మాట్లాడిందంతా ఇంగ్లీషే. ఇన్నేళ్ళ తర్వాత నాకు గుర్తున్నది మాత్రం తెలుగులోనే.

ఆయన విమానాల ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనిచేసి రిటైరైనవాడు. భార్య పోయింది. గరాజ్‌లో కారు ఉండాల్సిన చోట లేత్ ఉండేది, కారు ఎండకి ఎండేది. నేను ఆయన్ని సర్ అనేదాన్ని, ఆయన వద్దనేవాడు, నేను మానలేదు. తోటల్లో ఇలా ఆవిరి ఇంజన్లు నడుపుకునే వాళ్ళకి ఒక క్లబ్బుంది. నెలకోసారి శనివారం ఎవరో ఒకరి తోటలో చేరతారు, ఎక్కువగా ఈయన తోటలోనే. ఆ క్లబ్బువాళ్ళు నన్ను కలుపుకున్నది నాకు రైళ్ళంటే ఉన్న ప్రేమ చూసి కాదు, సిరంజి పట్టుకునే తీరు చూసి.

ఆ ఇంజను బాయిలర్‌లో ముందు అంచుదాకా నీళ్ళు పోస్తారు. మామూలు నీళ్ళు కాదు, సూపర్ మార్కెట్లో దొరికే డిస్టిల్డ్ వాటర్. తర్వాత అందులోంచి ముప్ఫై మిల్లీలీటర్లు సిరంజితో వెనక్కి లాగాలి, ఆవిరికి చోటుండాలి కదా. ఆ ముసలాళ్ళ చేతులు వణికేవి. ఒకాయన తక్కువ లాగేవాడు, ఒకాయన ఎక్కువ లాగేవాడు, ఇద్దరూ పావుగంట వాదించుకునేవాళ్ళు. చూసి చూసి విసుగొచ్చి సిరంజి లాక్కుని ఒక్క లాగు లాగాను, సరిగ్గా గీత మీద ఆగింది. అందరూ టోపీలు పైకెత్తారు. అప్పట్నుంచి ఎవరి ఇంజనుకైనా నీళ్ళు తియ్యడం నా పని అయిపోయింది. శనివారం పొద్దున్న వెనక నుంచి ఆవిరి వాసన రాగానే మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా, "వెళ్ళు వెళ్ళు, మీ పుట్టింటివాళ్ళు పొయ్యి వెలిగించారు," అనేవారు.

నీళ్ళయ్యాక నూనె డబ్బీలో చిక్కటి నూనె, కింద వత్తులకి స్పిరిట్. పొగగొట్టం మీద అగ్గిపెట్టెంత ఫ్యాను పెట్టి గాలి పైకి లాగితే మంట నిలబడుతుంది. ప్రెషర్ చూపించే ముల్లు ఇరవై దాటి, నెమ్మదిగా నలభైకి వస్తుంది. సేఫ్టీ వాల్వు బుస్సుమంటుంది. అప్పుడు చేత్తో రెండడుగులు ముందుకి తోస్తే, చల్లటి సిలిండర్లలో చేరిన నీళ్ళు పొగగొట్టంలోంచి ఎగజిమ్ముతాయి. కొత్తవాళ్ళు అక్కడ మొహం పెట్టి చూస్తారు, ఒక్కసారే చూస్తారు. ఆ తర్వాత ఇంజను తనంతట తను వెళ్ళిపోతుంది. ఇరవై నిమిషాలు నడిచి, స్పిరిట్ అయిపోగానే ఆగుతుంది. ఊరంతా ఎండ కోసం చూస్తుంటే వీళ్ళు చలి కోసం చూసేవాళ్ళు, చలిలోనే ఆవిరి తెల్లగా కనిపిస్తుంది కనుక. అక్కడ గట్టిగా పాటించే నియమం ఒకటే. మంట ఎవరు వెలిగిస్తే వాళ్ళు అది ఆరేదాకా కదలకూడదు. నీళ్ళు అయిపోయి మంట మిగిలితే బాయిలర్ పాడవుతుంది. ఫోన్ మోగినా సరే, కాఫీ చల్లారిపోయినా సరే, నిలబడాల్సిందే.

అన్నీ ఉన్నాయి గానీ ఆ ఇంజన్లకి కూత లేదు. ఒకటి రెండింటికి ఉన్నది కూత కాదు, ఈల. కుక్కర్ మీద వెయిట్ లేచే ముందు సన్నగా అంటుందే, అలాంటిది. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఇంత నిజంగా చేసి, కూత దగ్గరకొచ్చేసరికి ఇలా తేల్చేశారేమిటని.

నాకు కావలసింది ఆ కూతే. మా క్వార్టర్స్ స్టేషను బయట బండ్లని ఆపే ఔటర్ సిగ్నల్‌కి దగ్గర. సాయంత్రం వచ్చే గూడ్సు బండ్లకి స్టేషన్లో లైను ఖాళీ ఉండేది కాదు. ఔటర్ దగ్గర ఆగి, లైను ఇవ్వమని ఒక పొడుగాటి కూత పెట్టేవి. అలాంటివి పూటకి నాలుగైదు. వాటిలో ఒక్కదానికే మా అమ్మ లేచేది. లేచి, మరుగుతున్న ఎసట్లో బియ్యం పోసేది. పోస్తూ పెరట్లో ఆడుకుంటున్న మాతో ఒకే మాట అనేది. "మీ నాన్న వచ్చేస్తున్నారు, కాళ్ళూ చేతులూ కడుక్కోండి." మేము నీళ్ళ తొట్టి దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. బండి లోపలికొచ్చి, నాన్న ఇంజను అప్పగించి, నడిచి ఇంటికొచ్చేసరికి గంజి వార్చిన అన్నం ఇంకా పొగలు కక్కుతుండేది. అమ్మ ఎన్నడూ పొరపడినట్టు నాకు గుర్తులేదు.

నాన్న కూతని నేనూ గుర్తుపట్టేదాన్నని గట్టి నమ్మకం. అది ఆయన సొంత కూత అనుకునేదాన్ని. డ్యూటీకి వెళ్ళేటప్పుడు డ్రైవర్లు ఒక నల్ల ఇనప్పెట్టె తీసుకెళ్ళేవాళ్ళు, లైన్ బాక్స్ అంటారు. నాన్న పెట్టెని మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. టార్చీ, జెండాలు, అన్నం క్యారియర్‌తో పాటు ఆయన కూత కూడా అందులోనే ఉంటుందని, రోజూ దాన్ని తీసి ఇంజనుకి బిగిస్తారని అనుకునేదాన్ని. ఎవరినీ అడగలేదు. పిల్లలు తమకి తెలుసనుకున్న వాటి గురించి అడగరు.

నాన్న ఫోటో ఒక్కటే ఉంది. అందులో టోపీ నీడ మొహం మీద పడి గడ్డం మాత్రం కనిపిస్తుంది. గొంతు ఏ టేపులోనూ లేదు. నాకు మిగిలింది ఆ కూత. డెబ్బైల చివర్లో అమెరికా వచ్చిన కొత్తలో కళ్ళు మూసుకుంటే వినిపించేది. తర్వాత్తర్వాత కళ్ళు మూసుకుని కాసేపు వెతుక్కోవాల్సి వచ్చేది. ఇక్కడి సరుకు రైళ్ళ డీజిల్ హారన్లు దాని మీద పడి చెరిపేస్తున్నట్టు ఉండేది. అది కూడా పోతే నాన్న పూర్తిగా పోయినట్టే అని నాకు భయం. ఆసుపత్రిలో ఎంతోమంది పోవడం చూసిన దాన్ని, ఈ భయం ఎవరికీ చెప్పుకోలేకపోయాను. చివరికి ఒక శనివారం, అందరూ వెళ్ళాక, పెద్దాయనకి చెప్పాను.

ఆయన నన్ను గరాజ్‌లోకి తీసుకెళ్ళి, అలమార పై అరలోంచి గుడ్డలో చుట్టిన ఇత్తడి గొట్టం ఒకటి దించాడు. నా చేతికిస్తే బరువుకి చెయ్యి దిగిపోయింది. అది వాళ్ళ తాతది. ఆయనా ఇంజను డ్రైవరే. ఆ రోజుల్లో ఇక్కడి డ్రైవర్లు కొందరు తమ కూత తాము చేయించుకునేవాళ్ళట. ఏ ఇంజను ఇచ్చినా దాని కూత విప్పేసి తమది బిగించుకునేవాళ్ళట. కూత వినగానే ఊళ్ళో ఆడవాళ్ళకి ఎవరి మొగుడు వస్తున్నాడో తెలిసిపోయేదట.

"మీ నాన్నదీ అంతే కదా?" అన్నాడు.

"అంతే," అన్నాను. నా లైన్ బాక్స్ నిజమేనని రుజువు దొరికినట్టు పొంగిపోయాను. ఇద్దరికీ ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు.

ఆ కూత మళ్ళీ చేద్దామన్నాడు. చిన్న గొట్టం కీచుమంటుంది, బొంగురు రావాలంటే గొట్టం పొడుగుండాలి. అంత గొట్టం ఆ ఇంజనులో పట్టదు. అందుకని ఇంజను వెనక ఒక పెట్టె బండి కట్టి, గొట్టాన్ని మూడు మడతలు వేసి అందులో దాచి, ఇంజన్లోంచి సన్నటి పైపుతో ఆవిరి తీసుకెళ్తానన్నాడు. అంతవరకు సులువు. ఏ శ్రుతి అన్నదే చిక్కు. దాదాపు ఒక ఏడాది పట్టింది. రెండు వారాలకోసారి ఆయన ఒక గొట్టం కోసి, గాలి పంపుతో ఊది వినిపించేవాడు. నేను కళ్ళు మూసుకుని, "ఇంకొంచెం కిందికి" అనేదాన్ని. కోసిన గొట్టాన్ని మళ్ళీ పొడుగు చెయ్యలేం కదా, ఇంకోటి తీసుకునేవాడు. ఆయనకి నా మీద విసుగు రాలేదు. నాకే నా మీద వచ్చేది.

చివరికి నాకొక ఉపాయం తోచింది. ఇంట్లో సాయంకాల ప్రార్థనకి పాట ఎత్తేది అమ్మే. నాన్న కూత విన్న చెవులతోనే ఎత్తేది కాబట్టి అదే శ్రుతిలో ఎత్తేదనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం మా తెలుగు ఆరాధన ఒక అమెరికన్ చర్చి హాల్లో జరిగేది. అక్కడ ఆ పాట నేను ఎత్తి, ఆర్గన్ వాయించే అతన్ని అది ఏ మెట్టో అడిగి, కాగితం మీద రాసుకుని పెద్దాయనకిచ్చాను. మా ఆయన కార్లో, "దేవుడి పాటని రైలింజన్‌కి కొలత తియ్యడం నీకే చెల్లింది," అన్నారు. "మీకేం తెలుసు," అన్నాను. అది నేను ఆయనతో రోజూ అనే మాటే.

నవంబరు సమావేశానికి కూత సిద్ధమైంది. మంచి చలి. ఇంజను గులాబీ మడి మలుపు దగ్గరకి రాగానే, పెట్టె బండి పక్కన ఉన్న చిన్న మీటని వేలితో నొక్కాను. కూత వచ్చింది. ఈల కాదు, లోతుగా, బరువుగా, తోటంత కూత. ముసలాళ్ళు కేకలు పెట్టారు. నాలుగు లెక్కపెట్టేలోపు ఇంజను నీరసించి మలుపులో ఆగిపోయింది. ఆ కాస్త బాయిలర్లో కూతకీ నడకకీ చాలినంత ఆవిరి ఉండదు. కూత కావాలంటే నడక వదులుకోవాలి.

"అదేనా?" అని పెద్దాయన అడిగాడు. ఏడాది పని ఆయన మొహంలో ఉంది.

"అదే," అన్నాను.

నిజానికి నాకు తెలియలేదు. బాగుంది, కానీ నాలో ఏదీ కదల్లేదు. ఇంటికొచ్చి కళ్ళు మూసుకుంటే ఇప్పుడు ఈ కొత్త కూతే వినిపించడం మొదలుపెట్టింది, పాతదాని చోటు ఆక్రమించుకుని. నేను చెప్పింది తప్పైతే, ఉన్న కాస్త జ్ఞాపకాన్నీ నా చేతులతో నేనే చెరుపుకున్నట్టు. ఇది సరైనదో కాదో చెప్పగలిగిన మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది. ఆవిడ వచ్చే వసంతంలో మా ఇంటికి ఆరు నెలలు ఉండడానికి వస్తోంది.

అమ్మ మిషన్ స్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. వచ్చిన వారానికే మా ఇంట్లో అలమారాలన్నీ సర్దేసి, చర్చిలో పిల్లల ఉచ్చారణ దిద్దడం మొదలుపెట్టింది. కూత సంగతి ఆవిడకి ముందుగా చెప్పలేదు. చెబితే నా మనసు చూసి అవునంటుందేమోనని. ఏమీ తెలియకుండా విని, తనంతట తనే తల ఎత్తాలి. ఔటర్ దగ్గర కూత వినగానే ఎత్తేదే, అలాగ. ఆ వారమంతా నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు.

ఏప్రిల్ శనివారం అమ్మని తీసుకెళ్ళి, పెకాన్ చెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టాను. ఆవిడ రైళ్ళని చూసి, "బాగున్నాయి, పెద్దవాళ్ళయినా ఖాళీగా కూర్చోలేదు," అని మెచ్చుకుంది. నేను నీళ్ళు పోసి, ముప్ఫై తీసి, వెలిగించి, ఇంజను వదిలాను. మలుపు దగ్గర మీట నొక్కాను. కూత నిండుగా వచ్చింది. నేను ఇంజన్ని చూడలేదు, అమ్మనే చూస్తున్నాను.

అమ్మ చీర మీద పడ్డ ఆకు ఒకటి దులుపుకుంది.

మంట ఆరేదాకా కదలకూడదు కాబట్టి, ఆగిన ఇంజను పక్కనే నిలబడి, అది చల్లబడ్డాక అమ్మ దగ్గరికి నడిచాను.

"అమ్మా, ఇందాక కూత విన్నావా?"

"విన్నా. చెవులున్నాయిగా."

"ఎవరిదో తెలిసిందా?"

"ఎవరిదేంటి? ఈయనదేగా." గడ్డంతో పెద్దాయన్ని చూపించింది.

"నాన్నది."

అమ్మ నా వైపు తిరిగింది. "మీ నాన్నదేంటే?"

మొత్తం చెప్పాను. ఏడాది పాటు కోసిన గొట్టాలు, ప్రార్థన పాట, లైన్ బాక్స్, అన్నీ. అమ్మ మధ్యలో అడ్డురాకుండా వింది. పిల్లలు పాఠం తప్పు చెబుతున్నా చివరిదాకా వినే అలవాటు ఆవిడది.

"లైన్ బాక్సులో కూతేంటే పిచ్చిదానా. అందులో పచ్చడి సీసా, లుంగీ, బైబిలు ఉండేయి. కూత ఇంజన్‌కే ఉంటది. మీ నాన్నకి షెడ్డులో పూటకో ఇంజన్ ఇచ్చేవోళ్ళు. ఒకదానిది బొంగురు, ఒకదానిది కీచు. ఒకటైతే ఏడుస్తున్నట్టే ఉండేది. ఇక పాటంటావా, ఆ పూట నా గొంతు ఎట్టా ఉంటే అట్టా ఎత్తేదాన్ని."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" నా గొంతు లేచింది. ముసలాళ్ళు ఇటు చూశారు.

"నువ్వెప్పుడడిగావు?"

నిజమే. ఆ చొక్కా ఉతికిన రోజు నుంచి మేమిద్దరం నాన్న గురించి మాట్లాడుకోలేదు. నేను అలిగి మానేశాను. తను ఎందుకు మానేసిందో నేను అడగలేదు. ఇరవై ఏళ్ళు అలాగే గడిచిపోయాయి.

పెద్దాయన దగ్గరికొచ్చి ఆవిడ ఏమంటోందని అడిగాడు. దాచాలనిపించింది, కానీ చెప్పేశాను. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మా తాతది ఆయన సొంతం. ప్రపంచంలో అందరికీ అంతే అనుకున్నాను," అన్నాడు. "నేనూ," అన్నాను. నాన్నకి ఒక కూతంటూ లేనే లేదు. నేను మర్చిపోతానని భయపడింది అసలు లేనిదాన్ని. అలా అనుకుంటే భయం తగ్గాలి. తగ్గలేదు, ఇంకా ఖాళీగా అనిపించింది.

"మరి నీకెలా తెలిసేదమ్మా?" అన్నాను. "వేరే బండి కూస్తే లేచేదానివి కాదుగా."

"లైను అడిగే కూత అందరిదీ ఒకటేనే. వదలడంలోనే తేడా. అందరూ టక్కున వదిలేస్తారు. ఆయన అట్టా వదిలేవోరు కాదు." అమ్మ కుడి చెయ్యి గాల్లోకి ఎత్తి, ఇంజన్లో కూత కోసం లాగే గొలుసు ఉన్నట్టు పట్టుకుంది. "సగం వదిలి, ఆగి, మళ్ళీ ఒక్క పిసరు లాగేవోరు. స్టేషనోళ్ళకి మొదటిది చాలు. చివరిది వాళ్ళక్కాదు."

అని కుర్చీలోంచి లేచింది. "ఏదీ, ఎక్కడ నొక్కాలి?"

"అమ్మా, కొంగు దోపుకో. మంట ఉంటుంది."

మళ్ళీ మొదట్నుంచి అన్నీ చేశాను. సిరంజితో నీళ్ళు లాగుతుంటే, "దీనికీ ఇంజెక్షనేనా," అంది. పెద్దాయన అగ్గిపెట్టె అమ్మ చేతికే ఇచ్చాడు. వెలిగించింది అమ్మ. ముల్లు నలభైకి వచ్చేదాకా కొంగు నడుముకి బిగించుకుని, చూపు తిప్పకుండా నిలబడింది. ఇంజను కదిలాక దాని పక్కనే చిన్న చిన్న అడుగులు వేస్తూ నడిచింది. మీట కాలుతుందని పెద్దాయన ఇచ్చిన గుడ్డని వేలికి చుట్టుకుంది. గులాబీ మడి మలుపు దగ్గర నొక్కింది.

అదే గొట్టం. గంట క్రితం నేను నొక్కిన కూతే. పొడుగ్గా సాగింది. తర్వాత అమ్మ వేలు సగం లేచింది, కూత సన్నగిల్లి వణికింది, ఆగినట్టే అయింది. అప్పుడు చివర ఒక చిన్న లాగు. ఎవరినో పేరు పెట్టి పిలిచినట్టు.

నేను నిలబడ్డ చోటు నుంచి ఒక అడుగు పక్కకి వేశాను. ఎందుకు వేశానో ముందు తెలియలేదు. క్వార్టర్స్ పెరట్లో నీళ్ళ తొట్టి అటువైపు ఉండేది. నా కాళ్ళకి అది గుర్తుంది.

మలుపు దాటకుండానే ఇంజను ఆగిపోయింది. వెలిగించినవాళ్ళు కదలకూడదు కనుక అమ్మ అక్కడే ఉంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. అమ్మ ఏడ్చిందో లేదో నాకు తెలియదు, తల తిప్పి చూసే ధైర్యం లేకపోయింది. నేను మాత్రం ఏడ్చాను. కింద వత్తుల మంట నీలంగా, కనీ కనిపించకుండా, కాసేపు వెలిగి ఒక్కొక్క వత్తి దగ్గరా ఆరిపోయింది. కూత తర్వాత, ఆ పెరట్లోలాగే, అమ్మ అనాల్సిన మాట కోసం నేను చూస్తున్నానని అప్పుడే నాకు తెలిసింది.

అమ్మ వేలికున్న గుడ్డ విప్పి మడత పెట్టింది. తర్వాత నా చేతుల వైపు చూసింది.

"ఏంటే ఆ నూనె. చేతులు కడుక్కో," అంది.

అమ్మ మాటలో మొదటి సగం లేదు. అది ఇక ఉండదు. గోడ పక్కన కొళాయి ఉంటే, వెళ్ళి తిప్పి, చేతులు కడుక్కున్నాను.